ఫ్రాన్స్ రాజులు, ఫ్రాన్స్ యుద్ధాలు: వెయ్యేళ్ల చరిత్రను తికమక పడకుండా చదివే పద్ధతి

బొబ్బిలి కథ మనలో చాలామందికి చిన్నప్పటి నుంచే తెలుసు. తాండ్ర పాపారాయుడు, రంగారావు, విజయరామరాజు, వీళ్ల మధ్యలోకి ఫిరంగులతో వచ్చిన బుస్సీ. ఆ కథ విన్న ప్రతిసారీ నాకు రెండు సందేహాలు మిగిలిపోయేవి. ఎక్కడో ఫ్రాన్స్‌లో పుట్టిన మనిషికి బొబ్బిలి కోట ముందు ఏం పని? అతని వెంట వచ్చిన సిపాయిలకు జీతం ఎవరిచ్చారు?

ఈ రెండో సందేహమే నన్ను ఫ్రాన్స్ యుద్ధ చరిత్రలోకి లాక్కెళ్లింది. మొదట్లో చాలా అవస్థ పడ్డాను. వరసగా లూయీలు, ఫిలిప్‌లు, చార్లెస్‌లు, ఒకరి పేరు ఒకరికి అంటుకుపోతుంది. ఒక యుద్ధం అర్థమయ్యేలోపు ఇంకోటి మొదలవుతుంది. పుస్తకం మూసేస్తే ఒక్క తేదీ గుర్తుండదు. తర్వాత నాకు నేనే ఒక పద్ధతి వేసుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని దాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. తొందరపడకుండా రోజుకు గంట చొప్పున కూర్చుంటే రెండు నెలల్లో మొత్తం చరిత్ర ఒక దారికి వస్తుంది.

మొదటి మెట్టు: లాంగ్ నోట్‌బుక్, ఐదు గడులు

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. పేజీని అడ్డంగా తిప్పి ఐదు గడులు గీయండి. ఎప్పుడు, ఎక్కడ అన్నది మొదటి గడి. రెండు వైపులా ఉన్న రాజులెవరన్నది రెండోది. తగువు దేని గురించి అన్నది మూడోది. సైన్యానికి డబ్బు ఎవరిచ్చారన్నది నాలుగోది. ఏ ఒప్పందంతో ముగిసిందన్నది ఐదోది.

నాలుగో గడి చాలామంది వదిలేస్తారు. దాన్ని మాత్రం వదలొద్దు. ఎవరు గెలిచారన్నది ఏ పుస్తకమైనా చెబుతుంది. ఎందుకు గెలిచారు, గెలిచాక కూడా ఎందుకు చితికిపోయారు అన్న ప్రశ్నలకు జవాబు చాలాసార్లు ఈ గడిలోనే దొరికింది నాకు. సమాచారం దొరకకపోతే ఖాళీగా ఉంచండి. ఖాళీ గడి కనిపిస్తుంటే వెతకాలన్న కోరిక దానంతట అదే పుడుతుంది.

రెండో మెట్టు: తేదీల కంటే ముందు మ్యాపు

మ్యాపులో ఫ్రాన్స్‌ను ఓసారి తీరిగ్గా చూడండి. నైరుతి దిక్కున పిరనీస్ పర్వతాలు, ఆగ్నేయంలో ఆల్ప్స్, పడమట సముద్రం. ఇవన్నీ గోడల్లాంటివి. ఈశాన్యంలో మాత్రం గోడ లేదు. ఇప్పటి బెల్జియం వైపు అంతా చదునైన నేల. ఆ సరిహద్దు నుంచి పారిస్‌కు దాదాపు 200 కిలోమీటర్లే. మన లెక్కలో హైదరాబాద్ నుంచి విజయవాడకు ఉన్నంత దూరం కూడా లేదు.

ఇప్పుడు ఈ పేర్లను మ్యాపు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి: బువీన్ 1214, రొక్రువా 1643, మల్‌ప్లాకే 1709, ఫోంటెన్వా 1745, వాటర్లూ 1815, సెడాన్ 1870. ఆరూ ఆ ఈశాన్యపు పట్టీలోనే పడతాయి. ఆరు వందల ఏళ్లకు పైగా ఫ్రాన్స్ రాజుల ఆందోళన అంతా ఈ తెరిచిన వాకిలి గురించే.

దీనికి మూలం 843లో జరిగిన వెర్డన్ పంపకం. పశ్చిమ యూరప్‌లో చాలా భాగాన్ని ఏలిన షార్లమేన్ చక్రవర్తి సామ్రాజ్యాన్ని అతని ముగ్గురు మనవలు పంచుకున్నారు. పడమటి భాగం చార్లెస్‌కు, తూర్పు భాగం లూయీకి, మధ్యలోని పొడవాటి పట్టీ పెద్దవాడు లోథార్‌కు దక్కాయి. పడమటి వాటా ఫ్రాన్స్ అయింది, తూర్పు వాటా జర్మనీకి పునాది అయింది. మధ్య పట్టీ కోసం ఇద్దరూ 20వ శతాబ్దం దాకా కొట్టుకున్నారు. అక్కడి లొరైన్ అనే పేరు లోథార్ పేరు నుంచి వచ్చిందే. అన్నదమ్ముల మధ్య సరిగ్గా తేలని గట్టు తగువు ఎన్ని తరాలు నడుస్తుందో పల్లెల్లో పెరిగినవాళ్లకు నేను విడిగా చెప్పక్కర్లేదు.

మూడో మెట్టు: చుట్టరికాలను తెలుగులో రాసుకోండి

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడిన మెట్టు ఇదే. ఇంగ్లీషు పుస్తకంలో ఎవరిని చూసినా ‘కజిన్’ అనే ఉంటుంది. బాబాయి కొడుకైనా కజినే, మేనత్త కొడుకైనా కజినే. యూరప్ యుద్ధాల్లో సగం గొడవ ఆ తేడా మీదే నడిచింది. మన భాషలో ఆ తేడాకు సిద్ధంగా మాటలు ఉన్నాయి. కాబట్టి వంశవృక్షం గీసేటప్పుడు వరసలు తెలుగులోనే రాయండి.

నూరేళ్ల యుద్ధాన్నే తీసుకుందాం. 1328లో ఫ్రాన్స్ రాజు నాలుగో చార్లెస్ కొడుకులు లేకుండా చనిపోయాడు. గద్దెకు ఇద్దరు హక్కుదారులు. ఒకరు చార్లెస్ మేనల్లుడు, అంటే అక్కచెల్లెళ్లలో ఒకరైన ఇసబెల్లా కొడుకు. ఇతనే ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్. రెండోవాడు చార్లెస్ బాబాయి కొడుకు, వాల్వా వంశపు ఫిలిప్. రక్తం లెక్కన మేనల్లుడే దగ్గర. కానీ ఆడపిల్ల ద్వారా గద్దె రాదని ఫ్రాన్స్ పెద్దలు తేల్చారు. దాయాది ఆరో ఫిలిప్‌గా గద్దెనెక్కాడు. 1337లో మొదలైన యుద్ధం 1453 దాకా సాగింది. మేనల్లుడికా, దాయాదికా అన్న ఒక్క మాటతో ఆ గొడవ మూలం మనకు పట్టుబడుతుంది.

ఇంకో ఉదాహరణ చూడండి. 1615లో ఫ్రాన్స్, స్పెయిన్ రాజకుటుంబాల మధ్య జరిగింది అచ్చంగా కుండమార్పిడి పెళ్లే. పదమూడో లూయీ స్పెయిన్ రాకుమారి ఆన్‌ను చేసుకున్నాడు. అతని చెల్లెలు ఎలిజబెత్‌ను ఆన్ తమ్ముడు, తర్వాత స్పెయిన్ రాజైన నాలుగో ఫిలిప్ చేసుకున్నాడు. ఆ తర్వాతి తరంలో లూయీ కొడుకు పద్నాలుగో లూయీకి, ఫిలిప్ కూతురు మరియా తెరెసాకు 1660లో పెళ్లయింది. అంటే ఆమె అతనికి మేనమామ కూతురూ అవుతుంది, మేనత్త కూతురూ అవుతుంది. రెండు వైపుల నుంచీ మేనరికం.

ఆ పెళ్లిలో ఒక షరతు ఉంది. అయిదు లక్షల బంగారు నాణేలు కట్నంగా ముట్టాక, పుట్టింటి రాజ్యం మీద మరియా తెరెసా హక్కు వదులుకోవాలి. స్పెయిన్ ఖజానా వట్టిపోయి ఉంది, కట్నం ముట్టలేదు. కట్నమే ఇవ్వనప్పుడు హక్కు వదులుకోవడం ఎక్కడిది అని లూయీ వాదించాడు. 1665లో మామ పోయాడు, 1667లో అల్లుడి సైన్యం స్పెయిన్ కింద ఉన్న ఫ్లాండర్స్‌లోకి దిగింది. మూడో గడిలో నేను రెండే మాటలు రాసుకున్నాను: కట్నం బాకీ.

నాలుగో మెట్టు: పేర్లు, నంబర్లు, తేదీల దగ్గర జాగ్రత్త

లూయీలను చూసి టెన్షన్ పడొద్దు. 1610 నుంచి 1792 దాకా 182 ఏళ్లలో ఫ్రాన్స్‌ను ఏలింది నలుగురే, నలుగురూ లూయీలే: 13, 14, 15, 16. పద్నాలుగు పదమూడుకు కొడుకు. పదిహేను పద్నాలుగుకు మునిమనవడు. పదహారు పదిహేనుకు మనవడు. పద్నాలుగో లూయీ నాలుగేళ్ల వయసులో, పదిహేనో లూయీ అయిదేళ్ల వయసులో రాజులయ్యారు. ఈ వరస రాసి గోడకు అంటించుకుంటే సగం తికమక తీరిపోతుంది.

ఒకే మనిషికి రెండు నంబర్లు కూడా ఉంటాయి. పవిత్ర రోమన్ చక్రవర్తి (జర్మన్ రాజ్యాల పైన ఉండే పదవి) ఐదో చార్లెస్, స్పెయిన్ రాజు మొదటి కార్లోస్ ఒక్కరే. అప్పటికే ఫ్రాన్స్‌కు 14వ శతాబ్దంలో వేరే ఐదో చార్లెస్ ఉన్నాడు. పేరు పక్కన దేశం రాయకపోతే ఇద్దరూ కలిసిపోతారు.

తేదీల్లోనూ మెలిక ఉంది. ఫ్రాన్స్ 1582లో కొత్త క్యాలెండర్‌కు మారింది, ఇంగ్లండ్ 1752లో గానీ మారలేదు. అందుకే బ్లెన్‌హైమ్ యుద్ధం ఒక పుస్తకంలో 1704 ఆగస్టు 2 అనీ, మరో పుస్తకంలో ఆగస్టు 13 అనీ కనిపిస్తుంది. రెండూ ఒకే రోజు. విప్లవం తర్వాత ఫ్రాన్స్ కొన్నేళ్లు సొంత క్యాలెండర్ నడిపింది. నెపోలియన్ అధికారం చేజిక్కించుకున్న ‘బ్రుమేర్ 18’ మన లెక్కలో 1799 నవంబర్ 9.

యుద్ధాల పేర్లదీ అదే కథ. బ్లెన్‌హైమ్‌ను ఫ్రెంచివాళ్లు హోష్టెట్ అంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో ‘కొండోర్’ అని కనిపించేది పిఠాపురం దగ్గర మన చందుర్తి. ‘వాండివాష్’ అన్నది తమిళనాడులోని వందవాసి. ఫ్రెంచివాళ్లనే పాత తెలుగులో పరాసులు అన్నారు. ఒక్కో యుద్ధానికి ఉన్న పేర్లన్నీ మొదటి గడిలోనే రాసుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు.

ఐదో మెట్టు: ఒక్క యుద్ధాన్ని పెన్సిల్‌తో గీయండి

మొత్తం చరిత్రలోకి దిగే ముందు ఒక్క రోజు యుద్ధాన్ని దగ్గర నుంచి చూడాలి. దీనికి నేను అజింకూర్‌ను సూచిస్తాను. 1415 అక్టోబర్ 25. తెల్ల కాగితం మీద రెండు వైపులా రెండు అడవులు గీయండి, వాటి మధ్య ఇరుకైన పొలం. విత్తనాలకు దున్ని ఉంచిన నేల. ముందు రాత్రంతా వాన. ఉత్తరాన పెద్ద ఫ్రెంచి సైన్యం, ఒళ్లంతా ఇనుప కవచాలు తొడుక్కున్న దొరలు. దక్షిణాన అలసిపోయి, జబ్బులతో ఉన్న చిన్న ఇంగ్లీషు సైన్యం, అందులో ఎక్కువమంది విలుకాళ్లు. వాళ్ల ముందు చెక్కి నాటిన కర్రమేకులు.

ఇప్పుడు బాణం గుర్తులు గీయండి. ఫ్రెంచివాళ్లు ముందుకు వచ్చే కొద్దీ అడవులు రెండు పక్కల నుంచీ వాళ్లను దగ్గరికి నొక్కేస్తాయి. బురదలో కాలు తీసి కాలు వేయడమే కష్టం. వెనకవాళ్లు తోస్తుంటే ముందువాళ్లు పడిపోతారు, కత్తి ఎత్తడానికి కూడా చోటు లేదు. పక్కల నుంచి బాణాల వాన. సంఖ్యలో ఎక్కువ ఉండటమే వాళ్లకు చేటు తెచ్చింది. ఇంకో సంగతి రెండో గడిలో రాయాలి. ఇంగ్లండ్ రాజు ఐదో హెన్రీ తన మనుషుల మధ్య నిలబడి పోరాడాడు. ఫ్రాన్స్ రాజు ఆరో చార్లెస్ మతి చలించిన మనిషి, యుద్ధానికే రాలేదు. ఫ్రెంచి దొరల్లో ఎవరి మాట ఎవరు వినాలో తేలలేదు.

ఇలా ఒక్క బొమ్మ గీస్తే మిగతా యుద్ధాల వర్ణనలు చదివేటప్పుడు నేల, వాన, ఇరుకు ఎక్కడున్నాయో మీ కళ్లు వాటంతట అవే వెతుకుతాయి.

ఆరో మెట్టు: జీతం వెంట నడవండి

అజింకూర్‌లో ఓడిన ఫ్రాన్స్ నలభై ఏళ్లలోపే యుద్ధం గెలిచింది. ఎలా గెలిచిందో నాలుగో గడిలో చూద్దాం.

కాస్త ముందు నుంచి మొదలుపెట్టాలి. 1356లో పొయటియే దగ్గర ఫ్రాన్స్ రాజు రెండో జాన్ ఇంగ్లీషువాళ్లకు పట్టుబడ్డాడు. విడుదలకు 30 లక్షల బంగారు ఎక్యూలు ఇవ్వాలని 1360లో ఒప్పందం కుదిరింది. ఆ సొమ్ము కోసం కొత్త పన్నులు వేశారు, కొత్త బంగారు నాణెం ముద్రించారు. దాని పేరు ఫ్రాంక్. ఆ భాషలో ఆ మాటకు ‘స్వేచ్ఛ పొందిన’ అని అర్థం. యూరో వచ్చేదాకా ఫ్రాన్స్ వాడిన డబ్బు పేరు ఓ రాజు విడుదల సొమ్ముతో పుట్టింది. పూచీగా ఇంగ్లీషువాళ్ల దగ్గర ఉంచిన కొడుకు తప్పించుకుపోతే జాన్ మాట తప్పినట్టు అవుతుందని తనంతట తానే లండన్ తిరిగి వెళ్లాడు, 1364లో అక్కడే పోయాడు.

ఆ రోజుల్లో యుద్ధం ఉంటేనే సైనికుడికి జీతం. సంధి కుదిరితే వేలమంది ఆయుధాలున్న మనుషులు పని లేకుండా మిగిలిపోయి ఊళ్లను దోచుకునేవాళ్లు. జోన్ ఆఫ్ ఆర్క్ అనే పల్లెటూరి అమ్మాయి 1429లో ఓర్లియాన్ ముట్టడిని తొలగించి, రీమ్స్‌లో ఏడో చార్లెస్‌కు పట్టాభిషేకం జరిగేలా చేసింది. ఆమెను 1431లో రువాన్‌లో కాల్చేశారు. ఆమె ఇచ్చిన ఊపును నిలబెట్టింది మాత్రం ఆ రాజు తెచ్చిన పద్ధతి. 1439 నుంచి ‘తాయ్’ అనే పన్నును రాజు ఏటేటా వసూలు చేయడం మొదలుపెట్టాడు. 1445లో ఆ డబ్బుతో శాశ్వత దళాలు ఏర్పాటయ్యాయి. 15 దళాలు, దళానికి 100 ‘లాన్స్’లు, లాన్స్‌కు ఆరుగురు మనుషులు. శాంతి కాలంలోనూ జీతం అందుతుంది కాబట్టి దోపిడీ తగ్గింది, సాధన పెరిగింది.

ఫిరంగుల పని బ్యూరో అన్నదమ్ములు జాన్, గాస్పార్ చూసుకున్నారు. 1453 జూలై 17న కాస్టిలోన్ దగ్గర ఇంగ్లీషు సేన వాళ్ల ఫిరంగుల గట్టు మీదికి నేరుగా వచ్చి చిత్తయింది. నూరేళ్ల యుద్ధం దాంతో ముగిసింది. మీ నోట్‌బుక్‌లో 1415 వరస, 1453 వరస పక్కపక్కన పెట్టి చదవండి. మధ్యలో మారింది నాలుగో గడే.

ఏడో మెట్టు: హాబ్స్‌బర్గ్ వలయాన్ని గీయండి

1494 నుంచి ఫ్రాన్స్ రాజులు ఇటలీ మీద పడ్డారు. ఎనిమిదో చార్లెస్ నేపుల్స్ తనదన్నాడు, పన్నెండో లూయీ నాయనమ్మ వైపు హక్కుతో మిలాన్ తనదన్నాడు. వివరాలన్నీ మొదటిసారే చదవక్కర్లేదు. 1515లో మారిన్యానో దగ్గర మొదటి ఫ్రాన్సిస్ గెలిచాడు, 1525 ఫిబ్రవరి 24న పావియా దగ్గర ఓడి పట్టుబడ్డాడు. ఈ రెండు వరసలు చాలు.

ఆగాల్సింది అతన్ని ఓడించిన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తి ఐదో చార్లెస్ దగ్గర. మ్యాపు మళ్లీ తీయండి. నాయనమ్మ నుంచి నెదర్లాండ్స్, తాత నుంచి ఆస్ట్రియా భూములు, అమ్మమ్మ నుంచి కాస్టీల్, అమ్మ తండ్రి నుంచి అరగాన్, నేపుల్స్. పైన ఎన్నికతో వచ్చిన చక్రవర్తి పదవి. ఇవన్నీ ఒక్క మనిషికి వచ్చాయి. రంగు వేసి చూస్తే ఫ్రాన్స్ చుట్టూ వలయం కనిపిస్తుంది. ఆ వలయాన్ని తెంచడమే తర్వాత నూటయాభై ఏళ్ల పాటు ఫ్రాన్స్ పట్టుదల. అందుకోసం క్రైస్తవ రాజు ఫ్రాన్సిస్ 1536లో ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్‌తో చేయి కలిపాడు. 1543 చలికాలం సుల్తాన్ నౌకాదళం ఫ్రాన్స్ రేవు తూలోన్‌లోనే గడిపింది. పదమూడో లూయీ మంత్రి, కాథలిక్ కార్డినల్ రిషెల్యూ 1635లో ప్రొటెస్టంట్ల పక్షాన ముప్పై ఏళ్ల యుద్ధంలోకి దిగాడు. మతం పేరుతో జరిగిన యుద్ధాల్లో కూడా రాజుల లెక్క వేరే ఉండేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణలు నాకు దొరకలేదు.

1643 మే 14న పదమూడో లూయీ చనిపోయాడు. అయిదు రోజులకే 21 ఏళ్ల ఆంగియెన్ డ్యూక్, తర్వాతి కాలపు కొండే, రొక్రువా దగ్గర స్పెయిన్ కాల్బలాన్ని దెబ్బతీశాడు. గద్దె మీద నాలుగేళ్ల పిల్లాడు. ఆ పిల్లాడే పద్నాలుగో లూయీ.

ఎనిమిదో మెట్టు: నక్షత్రం ఆకారపు కోటను చదవడం

పద్నాలుగో లూయీ కాలాన్ని యుద్ధాల పేర్లతో మొదలుపెట్టకండి, కోటలతో మొదలుపెట్టండి. అతని ఇంజనీరు వోబాన్ 300కు పైగా కోటలను బాగుచేశాడు లేదా కొత్తగా కట్టాడు, యాభైకి పైగా ముట్టడులు నడిపించాడు. తెరిచిన ఈశాన్య వాకిలికి రెండు వరసల కోటలతో తలుపు బిగించాడు. అతని కోటల్లో 12 చోట్లను 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. ఫోన్‌లో శాటిలైట్ మ్యాపు తెరిచి నఫ్-బ్రిసాక్ అనే ఊరు వెతకండి. రైన్ నది పక్కన ఎనిమిది మూలల నక్షత్రం స్పష్టంగా కనబడుతుంది.

మన గోల్కొండలోనో కొండపల్లిలోనో గోడ ఎత్తుగా ఉంటుంది. ఇక్కడ గోడలు పొట్టిగా, మందంగా ఉంటాయి. ఫిరంగి గుండుకు ఎత్తైన గోడ సులువుగా దొరుకుతుంది కాబట్టి దాన్ని నేలకు దించేశారు, వెనక మట్టి నింపారు. నక్షత్రపు మొనలు ఎందుకంటే, ఏ గోడ దగ్గరికి శత్రువు వచ్చినా పక్క మొన మీది నుంచి కాల్చడానికి వీలుండాలి. మ్యాపు మీద స్కేలు పెట్టి ఒక్కో మొన నుంచి గీతలు లాగి చూడండి. శత్రువు దాక్కోవడానికి ఒక్క మూల కూడా మిగలదు.

అలాంటి కోటను పట్టే పద్ధతిని కూడా వోబానే నేర్పాడు. 1673లో మాస్త్రిక్ట్ దగ్గర, లూయీ స్వయంగా చూస్తుండగా అది మొదటిసారి పూర్తిగా అమలైంది. ముందుగా ఫిరంగి దెబ్బకు దూరంగా, కోటకు సమాంతరంగా ఒక కందకం తవ్వుతారు. అక్కడి నుంచి వంకరటింకరగా ముందుకు తవ్వుతారు, తిన్నగా తవ్వితే కోట మీది నుంచి ఒక్క గుండు కందకం పొడవునా దూసుకుపోతుంది. కొంత దగ్గరయ్యాక రెండో సమాంతర కందకం, తర్వాత మూడోది. అక్కడ ఫిరంగులు పెట్టి గోడకు గండి కొడతారు. తవ్వడం మొదలైన రెండు వారాల్లోపే మాస్త్రిక్ట్ లొంగింది. ‘త్రీ మస్కెటీర్స్’ కథల్లో అందరికీ తెలిసిన దార్తన్యాన్ నిజజీవితంలో చనిపోయింది ఈ ముట్టడిలోనే.

ఇదంతా ఖర్చుతో కూడిన పని. 1700లో స్పెయిన్ రాజు రెండో చార్లెస్ పిల్లలు లేకుండా పోయి, రాజ్యాన్ని లూయీ మనవడు ఫిలిప్‌కు రాసిచ్చాడు. పాత కట్నం బాకీ చుట్టరికమే ఇక్కడ మళ్లీ పైకి తేలింది. యూరప్‌లో చాలా రాజ్యాలు ఏకమై 1714 దాకా యుద్ధం చేశాయి. మనవడు గద్దె నిలుపుకున్నాడు, స్పెయిన్‌ను ఈనాటికీ ఈ లూయీల బుర్బన్ వంశమే ఏలుతోంది. కానీ తాత 1715లో చనిపోయేనాటికి ఫ్రాన్స్ ఖజానా అప్పుల్లో మునిగి ఉంది.

తొమ్మిదో మెట్టు: బొబ్బిలి వరస నింపండి

ఇప్పుడు నా పాత సందేహానికి వద్దాం. పదిహేనో లూయీ కాలం. 1740లో ఆస్ట్రియా గద్దె మరియా తెరెసా అనే ఆడపిల్లకు దక్కడంతో యూరప్‌లో వారసత్వ యుద్ధం మొదలైంది (లూయీ భార్యగా పైన వచ్చిన మరియా తెరెసా వేరు). ఆ యుద్ధంలో 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారు, 1748 సంధిలో తిరిగి ఇచ్చేశారు. 1756 నాటికి పొత్తులు తారుమారయ్యాయి. తరతరాలుగా శత్రువులైన ఫ్రాన్స్, ఆస్ట్రియా ఒక పక్షం. ఇంగ్లండ్, ఉత్తర జర్మనీలోని ప్రష్యా మరో పక్షం. ఏడేళ్ల యుద్ధం యూరప్, అమెరికా, ఇండియాల్లో ఒకేసారి నడిచింది.

బుస్సీ అప్పటికే 1751 నుంచి దక్కన్‌లో ఉన్నాడు. సలాబత్ జంగ్‌ను నిజాం గద్దె మీద నిలబెట్టింది అతని దళమే. అయితే ఆ దళానికి జీతాలు సరిగా అందేవి కావు. దానికి పరిష్కారంగా 1753లో సలాబత్ జంగ్ ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్ల శిస్తును ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. నాలుగో గడిలో ఏం రాయాలో ఇప్పుడు తెలిసిపోయింది. కృష్ణా నుంచి శ్రీకాకుళం దాకా తెలుగు రైతు కట్టిన శిస్తే బుస్సీ సిపాయిల జీతం. ఆ శిస్తు వసూలు కోసమే అతను ఉత్తరాంధ్రకు వచ్చాడు, విజయనగరం, బొబ్బిలి సంస్థానాల పాత పగలోకి దిగాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడిపోయింది.

అదే ఏడాది నవంబర్ 5న జర్మనీలోని రోస్‌బాక్ దగ్గర అదే ఫ్రాన్స్ రాజు సైన్యం ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ చేతిలో రెండు గంటల్లోపే చెదిరిపోయింది. ఈ రెండు వరసలూ ఒకే పేజీలో రాయండి. తర్వాత మన దేశంలో ఇంగ్లీషువాళ్ల చేతిలో ఫ్రెంచివాళ్ల పతనం వేగంగా జరిగింది. 1758 డిసెంబర్‌లో చందుర్తి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట, 1760 జనవరిలో వందవాసి, 1761 జనవరిలో పుదుచ్చేరి. వందవాసిలో బుస్సీ పట్టుబడ్డాడు. 1763 పారిస్ సంధితో ఫ్రాన్స్‌కు కొన్ని వ్యాపార స్థావరాలే మిగిలాయి. వాటిలో ఒకటి యానాం, 1954 దాకా ఫ్రెంచి చేతిలోనే ఉంది. మచిలీపట్నం వెళ్తే ఫ్రెంచిపేట అనే పేరు ఇంకా వినిపిస్తుంది.

పదో మెట్టు: ఖజానా నుంచి విప్లవానికి

పదహారో లూయీ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లండ్ మీద పగ తీర్చుకున్నాడు. 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఇంగ్లీషు సేన లొంగిపోవడంలో ఫ్రెంచి సైన్యం, నౌకాదళం పాత్ర చాలా పెద్దది. కానీ ఆ యుద్ధమంతా అప్పు మీద నడిచింది. 1788 నాటికి ప్రభుత్వ ఖర్చులో దాదాపు సగం అప్పుల కిందికే పోతోంది. కొత్త పన్నుల కోసం 1789లో ప్రతినిధుల సభను పిలవక తప్పలేదు. ఆ సభతో విప్లవం మొదలైంది. గెలిచిన యుద్ధం రాజుకు గద్దెను దూరం చేసింది. 1793 జనవరి 21న అతని తల తీశారు.

ఆ ఏడాది ఆగస్టు 23న వచ్చిన ఆజ్ఞ యుద్ధం తీరునే మార్చింది. పెళ్లికాని యువకులంతా సైన్యంలోకి, పెళ్లయినవాళ్లు ఆయుధాల తయారీకి, ఆడవాళ్లు గుడారాలు, బట్టలు కుట్టడానికి. అప్పటిదాకా రాజు జీతమిచ్చి నడిపిన సైన్యం ఇప్పుడు దేశమంతా అయింది. నెపోలియన్ చేతికి వచ్చింది ఈ సైన్యమే. అతను దాన్ని ‘కోర్’లుగా విభజించాడు. ఒక్కో కోర్‌లో కాల్బలం, గుర్రపు దళం, ఫిరంగులు అన్నీ ఉంటాయి. విడివిడి దారుల్లో నడుస్తాయి, యుద్ధం నాటికి ఒక్కచోట చేరతాయి. 1805 డిసెంబర్ 2న ఆస్టర్లిట్జ్‌లో ఆస్ట్రియా, రష్యా చక్రవర్తులు ఇద్దరినీ ఒకేరోజు ఓడించాడు.

రాజులను కూలదోసిన దేశం నుంచి వచ్చినవాడు కొత్త రాజులను తయారుచేశాడు. అన్న జోసెఫ్‌ను నేపుల్స్‌కు, తర్వాత స్పెయిన్‌కు, తమ్ముళ్లు లూయీని హాలండ్‌కు, జెరోమ్‌ను వెస్ట్‌ఫాలియాకు రాజుల్ని చేశాడు. రెండో గడి నింపేటప్పుడు ఇక్కడ ప్రత్యేకంగా బెర్నడాట్‌ను గమనించండి. నెపోలియన్ మార్షల్‌గా ఉన్న ఇతన్ని 1810లో స్వీడన్ యువరాజుగా ఎంచుకున్నారు. 1813లో లైప్‌జిగ్ దగ్గర అతను నెపోలియన్‌కు ఎదురుగా నిలబడ్డాడు. స్వీడన్‌ను ఇవాళ ఏలుతున్నది అతని వంశమే.

ఈ కాలానికి కూడా మన ఊళ్లలో ఒక గుర్తు ఉంది. హైదరాబాద్‌లో నిజాం సైన్యంలో ఫ్రెంచి దళాన్ని నడిపిన రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. మలక్‌పేట దగ్గర అతని సమాధి ఉంది, మూసారాంబాగ్ పేరు అతని పేరు మీదే వచ్చిందంటారు. ఆ జూలైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. అక్టోబర్‌లో ఇంగ్లీషువాళ్లు హైదరాబాద్ ఫ్రెంచి దళం చేత ఆయుధాలు కింద పెట్టించారు.

పదకొండో మెట్టు: రాజు గడి ఖాళీ అయ్యాక

1815 వాటర్లూ తర్వాత పద్దెనిమిదో లూయీ, పదో చార్లెస్, లూయీ ఫిలిప్, చివరికి నెపోలియన్ తమ్ముడి కొడుకు మూడో నెపోలియన్ వచ్చారు. ఇక్కడ వేగంగా సాగిపోవచ్చు. ఆగాల్సింది 1870 దగ్గర. స్పెయిన్ గద్దె ఖాళీ అయింది, ప్రష్యా రాజు బంధువు పేరు వినిపించింది. ఐదో చార్లెస్ నాటి వలయం మళ్లీ బిగుస్తుందని ఫ్రాన్స్ భయపడి, ప్రష్యా మీద యుద్ధం ప్రకటించింది. సెప్టెంబర్ 2న సెడాన్ దగ్గర మూడో నెపోలియన్ తన సైన్యంతో సహా లొంగిపోయాడు. రెండు రోజులకు పారిస్‌లో రిపబ్లిక్ ప్రకటించారు. 1871 జనవరి 18న వెర్సాయ్‌లో, పద్నాలుగో లూయీ కట్టించిన అద్దాల మందిరంలో ప్రష్యా రాజు జర్మన్ చక్రవర్తిగా ప్రకటించుకున్నాడు. ఫ్రాన్స్ కట్టాల్సిన నష్టపరిహారం 500 కోట్ల ఫ్రాంకులు. ప్రజలు ప్రభుత్వ బాండ్లు ఎగబడి కొన్నారు, 1873లోనే మొత్తం తీరిపోయింది.

ఇక్కడి నుంచి ఫ్రాన్స్ వైపు రాజు పేరు రాసే చోట గీత పెట్టండి, ఎదుటి పక్షం వైపు మాత్రం నింపుతూనే ఉండండి. 1914లో జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ ఇంగ్లండ్ రాజు ఐదో జార్జ్‌కు మేనత్త కొడుకు, వయసులో పెద్ద కాబట్టి బావ. రష్యా చక్రవర్తి రెండో నికొలస్ జార్జ్‌కు పిన్ని కొడుకు, అంటే తమ్ముడు. ఆ బావ సైన్యం 1916 ఫిబ్రవరి 21న ఫిరంగులు ఎక్కుపెట్టిన ఊరు వెర్డన్. నోట్‌బుక్‌లో మొదటి పేజీకి వెళ్లండి, 843 ఎదురుగా అదే ఊరి పేరు రాసి ఉంటుంది.